ఆ రాత్రి మనవాళ్ళెవరూ వెళ్ళలేదు: లంక గ్రామంలో ఒక టీకా నిరాకరణ కేసు

గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామంలో జరిగిన కేసు ఇది. ఆ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో నేను మెడికల్ ఆఫీసర్‌ని. ఊరి పేరు రాయడం లేదు. కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. నెలలూ వయసులూ మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. వరద ఎప్పుడొచ్చింది, పాపకి అప్పటికి ఎన్ని నెలలు అన్నది తెలియకపోతే మేం ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో అర్థం కాదు. తల్లిని అడిగే రాస్తున్నాను. "రాసుకోండి గానీ మా అత్తయ్యగారిని చెడ్డగా రాయకండి" అంది.

మా రిజిస్టర్లో ఈ కేసు మీద ఒకే ఒక్క లైను ఉండేది. "నిరాకరణ. కారణం: అత్తగారు ఒప్పుకోవడం లేదు." ఆ లైను తప్పని తెలుసుకోవడానికి మాకు రెండున్నర నెలలు పట్టింది.

నేపథ్యం

తండ్రి కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు. కోనసీమలో ఇది వింతేం కాదు. ఇంట్లో తల్లి, అత్తగారు, మామగారు, ఒక బాబు, ఈ పాప. కాస్త కొబ్బరి తోట, రెండు గేదెలు. తల్లి ఇంటర్ దాకా చదివింది. ఆమె పుట్టిల్లు ఈవలి ఒడ్డున, మా పీహెచ్‌సీకి దగ్గర్లోనే. లంకకి వంతెన లేదు. మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు పొద్దున్నే మొదలై రాత్రి ఏడున్నరకి ఆగిపోతుంది. ఆ తర్వాత గోదారి దాటాలంటే పడవ నడిపే మనిషిని ఇంటికెళ్ళి లేపాలి. ఈ ఏడున్నర సంగతి మేం ఎక్కడా రాసుకోలేదు. పాప బరువు రాసుకున్నాం, తల్లి రక్తం ఎంతుందో రాసుకున్నాం.

బాబు పుట్టింది 2021 జనవరిలో. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, తొమ్మిది నెలల టీకా అన్నీ వరసగా పడ్డాయి. ఏ ఇబ్బందీ రాలేదు. పద్దెనిమిదో నెలలో, 2022 జులై రెండో శనివారం, అంగన్‌వాడీలో కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతాలకి వేసే డీపీటీ బూస్టరు, తట్టు, రుబెల్లాలకి వేసే ఎంఆర్ రెండో డోసు, పోలియో చుక్కలు వేశారు. ఎగువ నుంచి నీళ్ళొస్తున్నాయన్న కబురుతో ఆ రోజు అందరికీ తొందర. టీకా తర్వాత అరగంట కూర్చోబెట్టి చూడాలి, చూడలేదు. జ్వరం వస్తే పావు బిళ్ళ వేయమని పారాసెటమాల్ చేతిలో పెట్టి పంపారు. ఆ రాత్రి పదిన్నరకి బాబుకి ఫిట్స్ వచ్చాయి. పడవ మీద దాటించి ఈవలి ఒడ్డున ప్రైవేటు ఆసుపత్రికి చేర్చేసరికి ఆగిపోయాయి. రెండు రోజులు ఉంచుకుని పంపేశారు.

ఆ తర్వాతి వారం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. సిబ్బంది అంతా పునరావాస శిబిరాల్లో, క్లోరిన్ బిళ్ళలు, విరేచనాలు, పాముకాట్ల మధ్య ఉన్నారు. టీకా వేసిన ఏఎన్‌ఎం (ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్త) కొన్నాళ్ళకి బదిలీ అయి వెళ్ళిపోయింది. బాబు కార్డు మీద డీపీటీ బూస్టరు గడిలో తేదీ ఉంది, అంతే. ఫిట్స్ మాట ఎక్కడా లేదు. టీకా తర్వాత ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిన ఏ సంఘటనైనా తీవ్రమైనదిగా లెక్కగట్టి జిల్లాకి రిపోర్టు పంపాలి. ఎవరూ పంపలేదు. నేను అక్కడ చేరింది 2023లో. నాకు ముందు జరిగిందని తప్పించుకునే వీల్లేదు. చేరాక ఏడాది పైన నేనూ ఆ ఇంటి గురించి అడగలేదు.

సమస్య మా దాకా వచ్చిన తీరు

పాప 2024 ఏప్రిల్ మధ్యలో ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టింది. బీసీజీ, హెపటైటిస్-బి, పోలియో జీరో డోసు అక్కడే పడ్డాయి. తర్వాత పురుడు పుట్టింట్లో. ఆరో వారం టీకాకి అక్కడి ఆశా కార్యకర్త పిలిస్తే "మా ఊరు వెళ్ళాక వేయిస్తామండి" అన్నారు. మూడో నెల దాటి లంకకి వచ్చాక ఇక్కడ అడిగితే "పుట్టింట్లో వేయించేశామండి" అన్నారు. ఇద్దరు ఏఎన్‌ఎంలూ ఎదుటివాళ్ళ ఖాతాలో వేసుకుని ఊరుకున్నారు. పురుటికి పుట్టింటికి వెళ్ళే పిల్లలందరి విషయంలోనూ మాకు ఈ సందు ఉంది. మామూలుగా మరుపు వల్ల పిల్లలు ఇందులోంచి జారిపోతారు. ఈవిడ తెలిసే వాడుకుంది.

మా ఆశా ఒకరోజు కార్డు అడిగి తిప్పి చూస్తే గడులన్నీ ఖాళీ. నిలదీస్తే తల్లి తలొంచుకుని "అత్తయ్యగారు వద్దంటున్నారండి" అంది. రిజిస్టర్లో లైను అలా పుట్టింది.

మేం చేసిన ప్రయత్నాలు

మొదట ఏఎన్‌ఎం రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి "వద్దంటే వద్దని సంతకం పెట్టండి" అంది. ఆమెని తప్పుపట్టను. నెలాఖరు సమీక్షలో ఖాళీ గడికి జవాబు చెప్పుకోవాల్సింది ఆమే, ఆ కాగితం ఆమెకి రక్ష. కానీ ఆ ఇంట్లో అది వేరేలా వినబడింది. రేపు ఏదైనా జరిగితే మాకు సంబంధం లేదని ముందే రాయించుకుంటున్నారని అనుకున్నారు. అదే రోజుల్లో ఇంకెవరో, టీకా వేయించకపోతే పథకం డబ్బులు ఆగిపోతాయని అన్నారట. ఎవరన్నారో ఆరా తీయలేదు. ఆ మాటతో, అప్పటిదాకా ఏ పక్షమూ లేని మామగారికి పట్టుదల వచ్చింది.

జులై ఆఖర్లో నేను వెళ్ళాను. నేను, సూపర్‌వైజరు, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, గ్రామ సచివాలయం నుంచి ఒకరు. ఆరుగురం పంటు దిగి మూడు బళ్ళ మీద ఆ ఇంటి ముందు ఆగాం. చుట్టుపక్కల వాళ్ళంతా అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. నేను కంఠసర్పి గురించి చెప్పాను, ఫోన్లో ఫోటో కూడా చూపించాను. కోరింత దగ్గు వస్తే చంటిపిల్లలు ఎలా ఊపిరి అందక నీలంగా మారతారో చెప్పాను. చెప్పిందంతా నిజమే. అయితే ఆ తల్లి తన కళ్ళతో చూసింది టీకా వేసిన బిడ్డ ఒళ్ళో కొట్టుకోవడం. నేను ఎన్నడూ ఆ ఊళ్ళో కనబడని జబ్బు ఫోటోని దాని ముందు పెడుతున్నాను.

బాబుకి ఫిట్స్ వచ్చిన సంగతి అప్పుడే అత్తగారు ఎత్తింది. నేను ఆలోచించకుండానే "దానికీ టీకాకీ సంబంధం లేదమ్మా" అన్నాను. అలా అనడం మాకు అలవాటు. టీకా మీద మచ్చ పడకూడదని భయం.

మామగారు ఇంకో మాట అన్నారు. "ఆమధ్య ఎగువన భద్రాచలం వైపు హాస్టలు ఆడపిల్లలకి ఏవో ఇంజెక్షన్లు చేశారంట గదండీ, తల్లిదండ్రులకి చెప్పకుండా?" సూపర్‌వైజరు నవ్వి, అవన్నీ వాట్సాప్ పుకార్లని కొట్టిపారేశారు. అవి పుకార్లు కావు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో బాలికలకి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే) టీకా ప్రాజెక్టు ఒకటి నడిచింది. హాస్టళ్ళలో చాలామంది తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. అక్కడ జరిగిన మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ సమ్మతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. పెద్దాయన అడిగిందాంట్లో సగం అక్షరాలా నిజం. ఆ సగాన్ని ఒప్పుకుని, మిగతా సగం చెప్పాల్సింది. నేను పక్కనే ఉండి కూడా సర్దలేదు. అందులోనూ అంతకు వారం ముందే మేం ఆయన ఇంట్లో సంతకం అడిగి ఉన్నాం.

చివరికి తల్లి "ఆయ్, అలాగేనండి, వచ్చే శనివారం తీసుకొస్తానండి" అంది. నేను తృప్తిగా పంటు ఎక్కాను. శనివారం ఇంటికి తాళం. గోదావరి జిల్లాల్లో పనిచేసేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ "అలాగేనండి" అంటే ఒప్పుకున్నట్టు కాదు, మీరింక బయల్దేరొచ్చని మర్యాదగా చెప్పినట్టు. నేను పుట్టింది ఈ జిల్లాలోనే, అయినా మోసపోయాను.

మూడో ప్రయత్నం ఆ ఊరి ఆర్ఎంపీ, అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసే మనిషి, మీద. ఆ కుటుంబానికి టీకా పడదని అతనే చెప్పాడని విని మనిషిని పిలిపించి మందలించాను. అతను ఎదురుచెప్పలేదు. "ఆ రాత్రి పడవలో నేనున్నానండి" అని మాత్రం అన్నాడు. ఆ మాట కూడా నాకప్పుడు తలకెక్కలేదు.

ఆశా గమనించింది

సెప్టెంబరు వెళ్ళిపోయింది. పాపకి అయిదు నెలలు దాటాయి. ఒక మధ్యాహ్నం మా ఆశా నెమ్మదిగా అంది. "డాక్టరుగారూ, మనం వెళ్ళినప్పుడల్లా ఆవిడ పాపని ఒళ్ళోనే ఉంచుకుంటోందండి. బాబునే లోపలికి పంపేస్తోంది."

అప్పటిదాకా నేను పాప టీకా గురించే మాట్లాడుతున్నాను. అక్టోబరు మొదట్లో ఆశా, నేను ఇద్దరమే వెళ్ళాం. బ్యాగు, రిజిస్టరు ఏవీ పట్టుకెళ్ళలేదు. అత్తగారు కుర్చీ వేసి బొండాం కొట్టించింది. "పాప టీకా గురించి రాలేదండి. బాబుకి ఆ రాత్రి ఏం జరిగిందో మొదట్నించీ చెప్పండి. రెండేళ్ళయినా మాలో ఎవరూ వచ్చి అడగలేదు" అన్నాను.

ఎందుకలా మొదలుపెట్టానంటే రెండు కారణాలు. ఒకటి, వైద్యపరంగా నాకు ఆ వివరాలు కావాలి. ఫిట్స్ ఎన్ని నిమిషాలు, ఒక పక్కేనా, మళ్ళీ వచ్చాయా అన్నవి తెలియకుండా పాప గురించి సలహా ఇవ్వడం గుడ్డిగా ఇవ్వడమే. రెండు, వాళ్ళు చెప్పాల్సింది వాళ్ళ దగ్గర ఉండిపోయినంతకాలం నేను చెప్పేది లోపలికి వెళ్ళదు.

అత్తగారు కాసేపు చెప్పి, మధ్యలో ఆగి, "నేనెక్కడ వద్దన్నానండీ? పిల్ల తల్లే భయపడుతోంది. నా మీద పెట్టి చెప్తోందని తెలుసు. చెప్పుకోనీలే అని ఊరుకున్నాను" అంది. పాలు తీసే వేళయిందని లేచి గేదెల దగ్గరికి వెళ్ళింది. తల్లి అప్పుడు మాట్లాడింది.

ఆ శనివారం అత్తగారు పెళ్ళికి వెళ్తే, బాబుని ఒక్కతే తీసుకెళ్ళి టీకా వేయించింది. సాయంత్రం ఆరుకి ఒళ్ళు కాలితే పావు బిళ్ళ వేసింది. పదింటికి మళ్ళీ కాలింది. రెండో పావు చేతిలో పట్టుకుని కూర్చుంది. "అప్పటికి నాలుగ్గంటలే అయిందండి. ఎక్కువైపోద్దేమోనని వేయలేదు." అరగంటకి ఫిట్స్. చేతిలో ఇనప తాళాలు పెట్టారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు. ఆర్ఎంపీ పరిగెత్తుకొచ్చి అవన్నీ తీసేయించి బాబుని పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. పడవ మనిషిని లేపింది అతనే, టార్చి పట్టుకుని కూడా వచ్చిందీ అతనే. ఈవలి రేవులో దిగాక అత్తగారు ఒకే మాట అందట. "నిన్నెవరు తీసుకెళ్ళమన్నారు?" మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనక్కర్లేకపోయింది.

"ఆ రెండో పావు వేసుంటే వచ్చేవి కావు కదండీ?" అని అడిగింది.

"వేసినా వచ్చేవేమో. జ్వరం మందు జ్వరాన్ని తగ్గిస్తుంది, పిల్లాడికి హాయిగా ఉంటుంది. ఫిట్స్‌ని ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు. మీరు వేయకపోవడం వల్ల వచ్చాయని ఏ డాక్టరూ చెప్పలేడు" అన్నాను.

చాలాసేపు ఏడ్చింది. ఆ ఇంట్లో టీకా భయం అని మేం పేరుపెట్టినదాన్ని విప్పి చూస్తే ఈ పావు బిళ్ళ ఉంది. మళ్ళీ ఒక బిడ్డని ఒక్కతే తీసుకెళ్ళి, మళ్ళీ ఏదైనా అయితే, మళ్ళీ ఆ రేవులో నిలబడాలి. టీకా మంచిదా కాదా అన్న ప్రశ్న దగ్గరికి ఆమె ఇంకా రానేలేదు.

తర్వాత అడిగింది. "అయితే ఫిట్స్ టీకా వల్ల వచ్చినట్టా, కానట్టా?" ఆశా నా మొహంలోకి చూసింది. "టీకాతో వచ్చిన జ్వరం వల్లే అయ్యుండాలి" అన్నాను. "ఆ రోజు సంబంధం లేదన్నాను, అది తప్పు."

బాబు సంగతి తేల్చుకోవడం

ఆ జవాబుకి నా దగ్గర ఆధారం ఉంది. ఆ రోజు రెండు టీకాలు పడ్డాయి. ఎంఆర్ వల్ల వచ్చే జ్వరం వారం దాటాక, ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది. డీపీటీ జ్వరం ఒకటి రెండు రోజుల్లోపే. టీకా వేసిన రోజే వచ్చింది కాబట్టి డీపీటీయే. అందులోని కోరింత దగ్గు భాగం, మొత్తం కణాన్ని చంపి చేసేది, జ్వరం ఎక్కువ తెప్పిస్తుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి అయిదుగురికి ఏదో ఒక జ్వరంలో ఫిట్స్ వస్తాయి. టీకా జ్వరం కూడా జ్వరమే.

నాకు కావాల్సింది ఇది మామూలు జ్వరపు ఫిట్సేనా అన్న భరోసా. 1974లో బ్రిటన్‌లో ఈ కోరింత దగ్గు టీకా మెదడుని దెబ్బతీస్తుందన్న భయం పుట్టి, టీకాలు పడిపోయి, కోరింత దగ్గు తిరిగొచ్చింది. జపాన్‌లో 1975లో టీకా ఆపాక, 1979లో ఒక్క ఏడాదే 13 వేల కేసులు, 41 మరణాలు. చాలా ఏళ్ళ తర్వాత, 2006లో, టీకా వల్ల మెదడు దెబ్బతిన్నదనుకున్న 14 మందిని ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షిస్తే 11 మందిలో ఎస్‌సీఎన్1ఎ అనే జన్యువులో, తీవ్రమైన మూర్ఛ జబ్బు తెచ్చే లోపం కనబడింది. ఆ పిల్లల్లో టీకా జ్వరం మొదటి ఫిట్‌ని బయటపెట్టిందే గానీ జబ్బుని తేలేదు. ఆ జబ్బున్న పిల్లలకి ఫిట్స్ చాలాసేపు వస్తాయి, ఒక పక్కే వస్తాయి, జ్వరం లేకుండా కూడా వస్తాయి, రెండో ఏడు నుంచి ఎదుగుదల మందగిస్తుంది. బాబుని కూర్చోబెట్టుకుని ఇవన్నీ ఒక్కొక్కటే చూశాను. ఫిట్స్ వచ్చింది మూడు నాలుగు నిమిషాలు, రెండు పక్కలా. మాటలు, నడక, ఆట అన్నీ వయసుకి తగ్గట్టే. రెండున్నరేళ్ళప్పుడు మామూలు జలుబు జ్వరంలో ఇంకోసారి వచ్చాయట, ఏ టీకా లేకుండానే. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇంతలో అత్తగారు పాల గిన్నెతో వచ్చి వింటోంది. "మా పెద్దమ్మాయికీ చిన్నప్పుడు ఇలాగే అయ్యేదండి. జ్వరమొస్తే చాలు కొట్టుకునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు." జ్వరపు ఫిట్స్ కుటుంబాల్లో నడుస్తాయని చెప్పాను. అత్తగారు నెమ్మదిగా "అయితే ఇది మా ఇంటి గుణమా" అంది. కోడలు తలెత్తి చూసింది. ఒక్క క్షణం నాకు కంగారు పుట్టింది. తప్పు కోడలి మీద నుంచి అత్తగారి మీదికి మారితే ఆ ఇంట్లో రేపటి నుంచి ఇంకో గొడవ. ఇది ఒంటి తీరే, ఎవరి తప్పూ కాదని గబగబా చెప్పాను. అత్తగారు నన్ను పట్టించుకోలేదు. కోడలి ఒళ్ళోంచి పాపని తీసుకుని "ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు బాబు కార్డు మీద నా చేత్తో రాశాను: డీపీటీ బూస్టరు తర్వాత జ్వరం, ఫిట్స్, ఆసుపత్రిలో రెండు రోజులు. రెండేళ్ళు ఆలస్యంగా జిల్లాకి రిపోర్టు పంపాను. ఆలస్యమైందని ఎవరూ వెనక్కి పంపలేదు.

పాపకి ఏం చేయాలి

ఇప్పుడు అసలు నిర్ణయం. అన్నకి జ్వరపు ఫిట్స్ వచ్చాయని చెల్లికి పెంటావాలెంట్ (డీపీటీ కూడా కలిసి ఉన్న, అయిదు జబ్బుల టీకా) ఆపక్కర్లేదు. అదే బిడ్డకి ఇంతకుముందు డోసు తర్వాత వారంలోపు మెదడువాపు లాంటిది వస్తేనో, ప్రాణాపాయమైన ఎలర్జీ వస్తేనో కోరింత దగ్గు భాగం వద్దంటాం. పాపకి ఆ రెండూ లేవు.

ఒక సంగతి మాత్రం నన్ను బాధపెట్టింది. ఆరు నెలలలోపు పిల్లలకి జ్వరపు ఫిట్స్ అరుదు. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేయించి ఉంటే ఫిట్స్ వయసు రాకముందే మూడు డోసులూ అయిపోయేవి. ఫిట్స్ భయంతో ఆపిన టీకాలు ఇప్పుడు సరిగ్గా ఫిట్స్ వయసులో పడబోతున్నాయి. ఇది తల్లికి చెప్పాలా? చెప్పకపోతే దాచినట్టు. చెబితే ఇంకో పావు బిళ్ళ ఆమె చేతిలో పెట్టినట్టు. "అన్నకి వచ్చాయి కాబట్టి పాపకీ కొంచెం అవకాశం ఉంది, ఇంకా వాయిదా వేస్తే అది తగ్గదు" అని మాత్రం చెప్పాను. మిగతాది మూడో డోసు అయ్యాక చెప్పాను. ఈ వరుస సరైనదేనా అని నాకు ఇప్పటికీ కొంచెం గుంజాటనే.

ప్రైవేటులో దొరికే, జ్వరం తక్కువ తెప్పించే టీకా సంగతి కూడా చెప్పాను. ఒక్కో డోసు వేలల్లో ఉంటుంది. సర్కారు డాక్టరు ప్రైవేటు టీకా గురించి చెప్పొచ్చా అని తటపటాయించాను. తర్వాత ఎవరి ద్వారానో తెలిస్తే, దాచామనుకుంటారు. తండ్రి వీడియో కాల్‌లో "డబ్బు పంపుతాను, అదే వేయించండి" అన్నాడు. తల్లి నన్నడిగింది. "మీ పిల్లలకి ఏది వేయించారండీ?" పెద్దదానికి గవర్నమెంటులో, రెండోవాడికి ప్రైవేటులో. ఉన్నదున్నట్టు చెప్పాను, జ్వరం తక్కువని మా ఇంట్లో పట్టుబట్టారని కూడా చెప్పాను. నవ్వింది. "అయితే మీ ఇంట్లోనూ టెన్షనేనన్నమాట."

తర్వాత ఆమే లెక్క వేసింది. ప్రైవేటులో వేయించినా సాయంత్రానికి ఇల్లు చేరాలి. జ్వరం రావడం రాత్రి, పంటు ఆగేది ఏడున్నరకి. ఏ టీకా అయినా ఆ రాత్రి మారదు. నాకు ఏడున్నర సంగతి ఆ రోజే తెలిసింది.

అక్కణ్ణుంచి ప్లాను మేమిద్దరం కలిసి వేసిందే. లంకలో శనివారం సెషను వద్దు. బుధవారం పొద్దున్నే ఈవలి ఒడ్డున పీహెచ్‌సీలో వేయించుకుని, రెండు రాత్రులు పుట్టింట్లో ఉండాలి. అక్కణ్ణుంచి పీహెచ్‌సీకి ఆటోలో పది నిమిషాలు. అత్తగారు కూడా రావాలి. ఇది నా షరతు. పాప ఆమె ఒళ్ళో ఉండగానే సూది పడాలి, ఈసారి ఏం జరిగినా ఆ రేవులో ఇద్దరూ ఒకే వైపు నిలబడాలి. కార్డు వెనక "ఈ టీకా నా సలహా మీద" అని రాసి సంతకం చేసి ఫోన్ నంబరు వేశాను. మా పద్ధతుల్లో ఇలాంటిది లేదు. సంతకం మేం వాళ్ళని అడిగాం కదా, ఒకటి మేం కూడా పెడదామనిపించింది.

బుధవారం, తర్వాత

పాపకి అయిదు నెలల మూడు వారాలు, బరువు 6.6 కిలోలు. పెంటావాలెంట్, న్యుమోనియా టీకా, పోలియో, నోట్లో వేసే రోటావైరస్ మందు. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసెటమాల్ చుక్కల మందు ఒక మిల్లీలీటరు. డ్రాపర్ మీద మార్కరుతో గీత గీసి ఇచ్చాను. మళ్ళీ వేయాలంటే ఆరు గంటలు ఆగాలని సీసా మీదే రాశాను. సిరప్, చుక్కల మందు ఒకటి కాదని రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూపించాను, చుక్కల మందు చాలా చిక్కన. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడటం, అయిదు నిమిషాలు దాటితే 108. ఇవన్నీ అత్తగారి చేత తిరిగి చెప్పించాను.

సాయంత్రం ఆరుకి ఏఎన్‌ఎం ఫోన్ చేసింది. జ్వరం లేదు. తొమ్మిదికి 100. పదిన్నరకి నేనే చేశాను, ఆ టైమే ఎంచుకున్నాను. 101, మందు వేశారు, పాలు తాగుతోంది. "మేల్కొనే ఉన్నామండి, ఇద్దరం" అంది తల్లి. తెల్లారేసరికి జ్వరం లేదు.

నాలుగు వారాలకి రెండో డోసు. ఈసారి ఒక్క రాత్రే ఉండి వెళ్ళిపోయారు. మూడోది లంకలోనే, శనివారం, అంగన్‌వాడీలో. ఆమే అడిగింది. రాత్రి ఆర్ఎంపీ వెళ్ళి థర్మామీటరు పెట్టి నాకు చెప్పేలా ఏర్పాటు చేశాం. అతన్ని మందలించినందుకు ముందు క్షమాపణ చెప్పాను. జ్వరానికి సూదులేవీ వేయొద్దని కూడా గట్టిగానే చెప్పాను. అతని వైద్యం మీద నా అభ్యంతరాలు అలాగే ఉన్నాయి. కానీ ఆ కుటుంబం దృష్టిలో ఆ రాత్రి పడవలో ఉన్న ఒకే ఒక్క వైద్యుడు అతనే.

తొమ్మిది నెలల ఎంఆర్ టీకాకి జాగ్రత్త వేరు. ఆ రాత్రి ఏమీ ఉండదు, ఏడో రోజు తర్వాత జ్వరం రావొచ్చని ముందే చెప్పి, ఆ తేదీలు క్యాలెండర్లో చుట్టించాం. చెప్పకుండా ఎనిమిదో రోజు జ్వరం వచ్చుంటే మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళం. ఎనిమిదో రోజు ఒళ్ళు వెచ్చబడింది. ఆమె ఫోన్ చేసి "మీరు చెప్పిందేనండి" అని పెట్టేసింది.

మా సెంటర్లో కొన్ని మారాయి. ఆరో వారం టీకాకి వచ్చిన ప్రతి తల్లినీ, పైపిల్లలకి టీకా తర్వాత ఎప్పుడైనా ఏమైనా అయిందా అని అడుగుతున్నాం. లంక ఊళ్ళ లిస్టులో ప్రతి ఊరి పక్కన ఆఖరి పంటు టైము రాసి ఉంది. డీపీటీ బూస్టరు పడిన పిల్లల ఇళ్ళకి ఆ రాత్రి ఫోన్ వెళ్తుంది, అన్ని రోజులూ కాదు, మనుషులు ఉన్నప్పుడు. సంతకం కాగితం ఏఎన్‌ఎం దగ్గర ఇంకా ఉంది, అది తీయించే అధికారం నాకు లేదు. నిరాకరణ అని రాసేముందు ఎవరు, ఎవరికి భయపడి అన్నది కూడా రాయమన్నాను. ఎక్కువసార్లు ఖాళీగానే వస్తోంది.

పాప డీపీటీ బూస్టరు, అన్నకి ఫిట్స్ తెచ్చిన అదే టీకా, పదహారో నెల నుంచి వేయొచ్చు. మూడుసార్లు వాయిదా పడి పంతొమ్మిదో నెలలో పడింది. ఆ రాత్రి 102 దాకా వెళ్ళింది, ఫిట్స్ రాలేదు. బాబుకి జనవరిలో అయిదేళ్ళు నిండుతాయి, వాడి రెండో బూస్టరు ఇంకా బాకీ. దాని గురించి తల్లి ఇప్పటిదాకా ఔననలేదు, కాదనలేదు. "అలాగేనండి" అని కూడా అనలేదు, అదొక్కటే నాకు ఆశ. మొన్న పంటు మీద కనిపించినప్పుడు, సంక్రాంతికి వాళ్ళాయన వస్తున్నాడని, ఈసారి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి వేయించాలని ఉందని చెప్పింది.